సముద్రం ఇచ్చిన ఎడమ చెప్పు

ఈ రోజు విశాఖ బీచ్‌లో మా అత్తమ్మ నీళ్ల అంచున విప్పిన చెప్పుల్లో ఎడమదాన్ని అల లాక్కెళ్లింది. పటాన్‌చెరు అవతల కొండాపూర్ దగ్గర పల్లెలో వ్యవసాయం చేసే ఆమె సముద్రాన్ని చూడడం ఇదే మొదటిసారి. ఊరి నుంచి పట్టుబట్టి తీసుకొచ్చింది నేనే.

"కొత్తయి కొనుక్కుందాం పా అత్తమ్మా" అన్నాను.

పక్కన మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న ఆవిడ ఊరుకోలేదు. "సముద్రం ఎవరిదీ ఉంచుకోదమ్మా. కాసేపు సూడు, ఇచ్చేస్తాది" అంది.

అంతే, అత్తమ్మ ఇసుకలో కూర్చుండిపోయింది. మేం చూడాలనుకున్న సబ్‌మెరైన్ మ్యూజియం మూసేసే వేళయినా కదల్లేదు.

చివరికి ఒక అల నిజంగానే ఎడమ చెప్పు తెచ్చి పడేసింది. కాకపోతే అది ఎవరో మగాయనది, బాగా పెద్దది. అత్తమ్మ ఇసుక దులిపి తొడుక్కుంది.

"అది నీది కాదు గద అత్తమ్మా?"

"నాది అది తీస్కున్నది, దాని తాన ఉన్నది నాకిచ్చింది. ఇగ పా, ఆకలైతున్నది."

ఆ జతతోనే జగదాంబ జంక్షన్ రద్దీలో టపటపమంటూ నడిచింది. చెప్పుల షాపు ముందు ఆగితే నన్ను గుడ్లురిమి చూసింది.

గోధుమరంగు ఎడమ చెప్పు పోగొట్టుకున్న అన్నగారెవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి. అత్తమ్మను చూపిస్తాను, అడగడం మాత్రం మీరే అడగాలి.