బీరమ్మ వదిన బర్రె గిట్ట

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ లెక్కన మా వదిన బీరమ్మ ఉన్నంతకాలం ఎంకపల్లి బాగుపడకూడదు. ఈ మాట ఆమె బతికుండగా ఆమె ముఖం మీదే అనేదాన్ని, కాబట్టి ఇప్పుడు రాస్తే తప్పు లేదు. కానీ నాటు వేసేటప్పుడు ఆమె చేయి చూడాలి. పెద్ద యుద్ధం జరుగుతున్న ఆ ఏళ్ళలో పటేల్ మడులన్నిటికీ వరసలో మొదటి చోటు ఆమెదే. ఆమె వంగితే మేం పన్నెండుమందిమి వంగాలి, ఆమె పాటెత్తితే అందుకోవాలి. ఆమె నడుము నొచ్చేదాకా మా ఎవరి నడుమూ నొవ్వడానికి వీల్లేదు.

ఒక ఏడు గడ్డి కోస్తుంటే ఆమెను పాము కరిచింది. మిషను దవాఖానలో మోకాలి కింద కాలు తీసేసి ప్రాణం నిలబెట్టారు. కొన్ని నెలలకు అక్కడి తెల్ల దొరసాని డాక్టరమ్మ ఎక్కడినుంచో ఒక కొయ్యకాలు తెప్పించి తొడిగింది. మంచి తల్లి, ఆమెను ఏమీ అనను. కానీ ఆ కాలు ఏ సిపాయి కోసమో చేసిందట. దాని చివర మేకులతో బిగించిన నల్లబూటు ఉంది. ఇంకేం, మా వదిన ఒక కాలికి బూటుతో, ఇంకో కాలికి మా అన్న స్వామిదాసు కుట్టిన చెప్పుతో ఊళ్ళోకి దిగింది.

పటేల్ ఇంటి ముందు తోలుపని చేసే మావాళ్ళు చెప్పులతో నడవకూడదు. విప్పి చంకలో పెట్టుకొని దాటాలి. పొలానికి వేరే దారి లేదు. మొదటిరోజే అరుగు మీది కావలివాడు భిక్షం బూటు విప్పమన్నాడు. అది ఊడదని చెబితే, ఏది ఊడితే అది విప్పమన్నాడు. వదిన కాలు మొత్తం ఊడదీసి చంకలో పెట్టుకొని, నా భుజం పట్టుకొని గెంతుతూ దాటింది. నాకు నవ్వూ ఆగలేదు, ఏడుపూ ఆగలేదు.

మడిలో దిగితే ఇంకో తమాషా. బూటును బురద పట్టేసింది. వదిన ముందుకు వచ్చింది, కాలు వెనకే నిలబడిపోయింది. ఒక కొంగ వచ్చి దాని మీద వాలింది. ఆ రోజే వదినను గట్టు మీద కూర్చోబెట్టి, నారుకట్టలు అందించమని చెప్పి, మొదటి చోటు జంగమ్మకు ఇచ్చారు. జంగమ్మ చెడ్డది కాదు గానీ, ఆమె పాటెత్తితే ఎడ్లు కూడా బెదురుతాయి. పెద్దమడి నాటుకు ఇంకా పదిరోజులున్నాయి. ఆ మడిలో ముందు నిలబడ్డవాళ్ళకే ఆ చోటు ఎప్పటికీ ఉండిపోతుంది, మా దగ్గర అదే కట్టుబాటు.

"గట్టు మీద కూసుండబెట్టేటందుకేనా నన్ను బతికిచ్చిన్రు, సారమ్మా?" అని ఆ సాయంత్రం వదిన నన్నడిగింది. అన్నం ముట్టలేదు.

మర్నాడు ఇద్దరం వడ్ల నర్సింహ దగ్గరికి పోయాము. నాగళ్ళు, బండిచక్రాలు చేసే మనిషి. పని గొప్పదే, ఆచారం అంతకంటే గొప్పది. మావాళ్ళను తాకడు. దూరం నుంచి తాడు విసిరి, కొలుచుకొని ముడేసి మళ్ళీ విసరమన్నాడు. నేనే వదిన మంచికాలు మోకాలి నుంచి నేలదాకా కొలిచి ముడేశాను. బూటుకాలును కర్రతో అటూ ఇటూ దొర్లించి, ఇది బాటమీద నడిచే కాలు, బురదకు పనికిరాదని తేల్చాడు. అప్పుడే ఆయన బర్రె బురదగుంటలోంచి తాపీగా లేచి వచ్చింది. అంత బరువున్నది ఎలా నడుస్తోందో చూద్దామని మూడురోజులు వంగి దాని కాళ్ళ వెంటే తిరిగాడు. మొగుడికి గాలి సోకిందని ఆయన భార్య గోపమ్మ వేపమండలు తెచ్చింది. ఆయనకు సోకింది గాలి కాదు, ఉపాయం. అడుగు వేస్తే గిట్ట రెండుగా విచ్చుకుంటుంది, ఎత్తితే దగ్గరపడుతుంది, అందుకే బురద దాన్ని పట్టుకోదు. తొమ్మిదోరోజుకు తుమ్మకర్రతో, కింద రెండు పలకల గిట్ట ఉన్న కాలు చేశాడు. మోటకు తోలుబొక్కెనలు కుట్టే మా అన్న, మోకాలికి పట్టేలా దానికి తోలు కుట్టాడు.

పెద్దమడి రోజున అలవాటుకొద్దీ వదిన ఆ గిట్టను కూడా చంకలో పెట్టుకొనే పటేల్ ఇల్లు దాటింది. మడి దగ్గర తొడుక్కొని దిగింది. గిట్ట విచ్చుకుంది, ముడుచుకుంది, బురద వదిలేసింది. కానీ నాలుగడుగులకే ఆమె ఎడమకు ఒరిగింది, ఆమెతోపాటు నాటు వరసా ఒరిగింది. నేను వేసిన ముడి తాడులో రెండు వేళ్ళ పొడవు తినేసింది. కాలు అంత పొట్టిదైంది.

జంగమ్మ నడుం మీద చేతులు పెట్టుకొని, బండి ఒరిగితే తప్పు ఎడ్లదా వడ్లాయనదా అని అందరికీ వినబడేలా అడిగింది. తన పని ఎలా నడుస్తుందో చూద్దామని వచ్చి గట్టు మీదున్న నర్సింహ తనను ఏమన్నా పడతాడు, పనిని అంటే పడడు. బాడిస పట్టుకొని ధోతితోనే బురదలోకి దూకాడు. వదిన మోకాలు రెండుచేతులా పట్టుకొని తన తొడమీద పెట్టుకున్నాడు. మా చేతుల్లో నారు అలాగే ఉండిపోయింది.

"నన్ను ముట్టుకుంటున్నవన్నా," అంది వదిన, కాలు వెనక్కి లాక్కుంటూ.

"ముట్టకుంట కొలిస్తెనే గిట్లయింది. కదలకు," అన్నాడు నర్సింహ.

చిన్న చెక్క చెక్కి గిట్టకు పైన బిగించాడు. ఎక్కడైనా ఒరుసుకుంటోందా అని మోకాలి చుట్టూ వేలు పెట్టి చూశాడు. పాము కరిచినప్పుడు ఏడవని మనిషి అక్కడ ఏడ్చింది. ఏడుస్తూనే జంగమ్మను తిట్టి పక్కకు జరిపి, పాటెత్తింది. నిజం చెప్పాలంటే అందరికంటే ముందు గొంతు కలిపింది జంగమ్మే.

తర్వాత రోజుల్లో అజీజ్‌నగర్ నుంచి, జన్వాడ నుంచి కాళ్ళు పోయినవాళ్ళు నర్సింహను వెతుక్కుంటూ వచ్చారు. ఆయన మళ్ళీ ఎవరికీ తాడు విసరలేదు.

పెద్దమడి నాటయ్యాక ఆ సాయంత్రం వదిన గిట్ట విప్పకుండానే ఇంటిదారి పట్టింది. వెనక్కి చూస్తే బాటమీద ఒక మనిషి పాదం, ఒక బర్రె గిట్ట, మళ్ళీ పాదం, మళ్ళీ గిట్ట. పటేల్ ఇంటి ముందు భిక్షం లేచి, విప్పమన్నాడు. అప్పుడే పటేల్ బర్రెలు చెరువు నుంచి తిరిగి వస్తున్నాయి.

"ఇది చెప్పు కాదు భిక్షమన్నా, గిట్ట. ముందుగాల మీ బర్రెలయి ఇప్పించు. ఎనక నాది ఇప్పుత," అంది వదిన.

భిక్షం బర్రెల వైపు చూశాడు, వదిన కాలి వైపు చూశాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఆమె ఎవరి భుజమూ పట్టుకోకుండా బర్రెలతోపాటు నడిచి దాటింది. ఆమె రెండోకాలి చెప్పు, నా రెండు చెప్పులు చంకలో పెట్టుకొని నేను వెనకాల నడిచాను.