సారు గది ముందర మళ్లీ నేనే

కడపలో గుండ్రటి బాల్కనీల పాత ఆఫీసు మేడను ఇప్పుడు ఆడపిల్లల హాస్టల్ చేసినారు. నర్సింగులో చేరిన మా చెల్లెలి కూతురు ఈ రోజు అందులో దిగింది. గదిలో ప్రార్థన చేసి వద్దామని పోయినాను.

చూస్తే అది ఒకప్పటి పెద్ద సారు గది. ఇంటి పట్టా కోసం మా అమ్మా నేనూ ఏళ్ల తరబడి నిలబడిన గుమ్మం. ఒక్కనాడూ కూర్చోమన్నవాళ్లు లేరు. ఈ రోజు కూడా చెప్పులిడిచి, కొంగు సర్దుకుని బయటే నిలబడిపోయినాను.

"ఏం పెద్దమ్మా, ఆడే నిలబడితివి?"

"సారు పిలవలేదు కదమ్మా."

"సారు యాడుండాడు? నేను పిలుస్తాండా, రా!" అనింది, మంచం మీద మురుకులు తింటా. సారు బల్ల ఉన్నచోటే ఆ మంచం. సారు కిటికీకి తోటి పిల్లల లంగాలు ఆరుతున్నాయి. దేవుడు క్షమించుగాక, నాకు కడుపు నిండినట్టయింది.

కూర్చుని కళ్లు మూసుకున్నానో లేదో వార్డెనమ్మ వచ్చింది. "బయటోళ్లు గదుల్లోకి రాగూడదమ్మా. బయట నిలబడండి."

పాత చోటికే పోయి మిగతా ప్రార్థన ముగించినాను. ఆ గుమ్మం నుంచి నా మాట వినడం దేవునికి అలవాటే. పట్టా ఇప్పించింది కూడా ఆయనే, సారు కాదు.

మీరు నిలబడిన గుమ్మాల్లో ఇప్పుడు ఎవరి బట్టలు ఆరుతున్నాయి?