మా సారు కట్టిన సముద్రపు ఇల్లు

మా ఆయన ఎల్లారెడ్డి జూనియర్ కాలేజీలో చాలా ఏళ్ళు ఫిజిక్స్ చెప్పాడు. విద్యుత్తు పాఠం చెప్పే రోజున ఆయన గొంతు గేటు దాకా వినిపించేదని పిల్లలు అనేవారు. ఇంట్లో ఫ్యూజు పోతే మాత్రం వీధి చివరి ఎలక్ట్రీషియన్‌కు కబురు పంపేవాడు. ఊళ్ళో అందరూ ఆయనను సారు అనేవారు. పెళ్ళయిన కొత్తలో నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను. తర్వాత ఆ మాటలోని గౌరవం ఎప్పుడో జారిపోయింది, మాట మాత్రం మిగిలింది.

మా కాపురం కామారెడ్డిలో. ఆయన రోజూ బస్సులో ఎల్లారెడ్డి వెళ్ళి వచ్చేవాడు. నేను ఇంటి దగ్గరి ప్రైవేటు బడిలో హిందీ చెప్పేదాన్ని. మాకు పిల్లలు లేరు.

2009 చలికాలంలో ఆయన విద్యార్థులను బాపట్ల వైపు సముద్రానికి విహారయాత్రకు తీసుకెళ్ళాడు. యాభై ఏడేళ్ళ వయసులో సముద్రం చూడటం ఆయనకు అదే మొదలు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి అరగంట సేపు నీళ్ళలో నిలబడ్డాడట. ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకముందే, గడపలో నిలబడి అన్నాడు.

"రిటైర్ అయినంక మనం సముద్రం ఒడ్డుకు ఇల్లు కట్టుకుంటున్నం. కరెంటు తీగ ఉండదు. అంతా సూర్యుడే."

"ముందు ఆ ఇసుక దులుపుకోని లోపలికి రాండ్రి" అన్నాను.

ఆ మాటను అక్కడితో మరిచిపోతాడనుకున్నాను. ఆయన అంతకుముందు తేనెటీగలు పెంచుతానన్నాడు, ఉర్దూ నేర్చుకుంటానన్నాడు, సైకిల్ మీద కాలేజీకి వెళ్తానన్నాడు. అన్నీ వారం దాటని ముచ్చట్లే. ఇది మాత్రం దాటింది. మరుసటి ఏడాది రిటైరయ్యాడు, తీరాన ఒక పల్లె పక్కన సరుగుడు తోపు అవతల చిన్న జాగా కొన్నాడు. కొన్నాకే నాకు చెప్పాడు.

ఆ సంగతి వాళ్ళ అన్నకు చెప్పడానికి ఇద్దరం ఎల్లారెడ్డి వెళ్ళాం. మా బావ అక్కడికి దగ్గరి పల్లెలో వ్యవసాయం చేస్తాడు. బోరు మీద ఆధారపడ్డ మూడెకరాల వరి. మేం వెళ్ళేసరికి వాకిట్లో మంచం మీద కూర్చుని మోటరు స్టార్టరును విప్పి పెట్టుకున్నాడు. మా సారు ఎదురుగా నిలబడి, క్లాసులో నిలబడ్డట్టు చేతులు వెనక్కి కట్టుకుని, అంతా వివరించాడు. బావ చివరిదాకా విన్నాడు.

"ఆడ కరెంటు లేదా?" అని అడిగాడు.

"ఉంది. నేను తీసుకోను."

"మేం ఇక్కడ కరెంటు ఎప్పుడొస్తదా అని బాయికాడ కూసుంటున్నం. నీకు ఇస్తమన్నా వద్దంటవ్." బావ స్టార్టరు పక్కన పెట్టాడు. "అదట్లుంచు. ఇక్కడ చిన్నా పెద్దా అందరు రాష్ట్రం వేరు కావాలె అని రోడ్ల మీద కూసుంటుంటే, నువ్వు పోయి ఆడ ఇల్లు కడ్త అంటవేందిరా?"

"సముద్రానికి రాష్ట్రం ఉండదన్నా."

ఈ మాట బావకు గంభీరంగా వినిపించి ఉంటుంది. నాకు కాదు. కామారెడ్డి నుంచి వస్తుంటే బస్సులో కిటికీ వైపు తిరిగి ఆయన ఈ వాక్యాన్ని రెండు మూడు రకాలుగా అనుకుని చూడటం నేను విన్నాను.

ఇల్లు కట్టడం దాదాపు రెండేళ్ళు సాగింది. అక్కడి మేస్త్రీతో మా సారు కామారెడ్డి నుంచి ఫోనులో కట్టించాడు. బందులు, రైళ్ళు ఆగిపోవడాలు ఉన్న రోజులవి. వెళ్ళింది నాలుగైదు సార్లే. డాబా మీద ప్యానెళ్ళు బిగించే చట్రాలకు ఇనుము వద్దని, ఉప్పుగాలికి అది ఆగదని మేస్త్రీ మొత్తుకున్నాడు. ఈయన ఇనుమే అన్నాడు. తుప్పు పడితే ఏం చేస్తారని నేను అడిగితే, "అది కెమిస్ట్రీ వాళ్ళ సబ్జెక్టు" అన్నాడు. నవ్వుతూ కాదు, నిజంగానే.

ప్యానెళ్ళూ బ్యాటరీలూ 2012 వేసవికి ముందు కామారెడ్డికే వచ్చాయి. అక్కడికి పోయేముందు ఇక్కడ అలవాటు చేసుకోవాలని ఆయన నిర్ణయం. ప్యానెళ్ళు మా డాబా ఎక్కాయి. బ్యాటరీలు దేవుడి గదిలో చేరాయి, దేవుడు వంటింటి అల్మారాలోకి మారాడు. ఒక సోమవారం పొద్దున మా సారు మెయిన్ స్విచ్ దించి, దాని మీద కాగితం అంటించాడు: ముట్టరాదు. వంటింటి గోడ మీద ఇంకో కాగితం. మిక్సీ పదకొండు నుంచి ఒంటిగంట వరకే. ఇస్త్రీ నిషేధం. ఫ్రిజ్ ఎదురుగా మాత్రం "ఆలోచించవలసినది" అని రాశాడు. ఆలోచన పూర్తయ్యేలోగా పాలు విరిగాయి. నేను అల్లం వెల్లుల్లి రోట్లో దంచుకున్నాను. ఆయన తన చొక్కాలను మాత్రం బొగ్గుల ఇస్త్రీ పెట్టే బండి దగ్గరికి పంపేవాడు. బొగ్గు కరెంటు కాదు కదా.

మా వీధిలో కోతులు ఎక్కువ. అవి రెండోవారానికే డాబా మీది తీగలు పీకి పెట్టాయి. అప్పట్నుంచి మా సారు ఎండలో గొడుగు వేసుకుని, ఒళ్ళో కట్టె పెట్టుకుని ప్యానెళ్ళ పక్కన కుర్చీలో కూర్చునేవాడు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు కింద వీధిలో పోతూ తల ఎత్తి నమస్కారం పెట్టేవారు. ఆయన కట్టె ఎత్తి ప్రతినమస్కారం చేసేవాడు. నేను తలుపు వేసుకునేదాన్ని.

ఆ వేసవిలో కరెంటు పొద్దుగూకగానే పోయి రెండు గంటల తర్వాత గానీ వచ్చేది కాదు. వీధంతా చీకటి, మా వరండాలో మాత్రం ఒక ట్యూబులైటు. ఎదురింటామె బీడీలు చుడుతుంది. పొద్దున్నే బీడీలు కార్ఖానాలో అప్పజెప్పాలి, కట్టలు తక్కువైతే మాట పడాలి. ఒక సాయంత్రం చాటలో ఆకూ తంబాకూ పెట్టుకుని మా గేటు దగ్గర నిలబడింది.

"పంతులమ్మా, జర ఈ వెలుగుల కూసోవచ్చునా?"

మా సారు నాకంటే ముందే రమ్మన్నాడు. ఆమె చుడుతుంటే పక్కన నిలబడి, సూర్యకిరణం ప్యానెల్ మీద పడ్డాక ఏం జరుగుతుందో వివరించాడు. ఆమె ఆకు కత్తిరిస్తూ "అవునా సారు" అంటూ వింది. మరునాడు ఆమె వెంట ఇంకొకామె వచ్చింది. వారం తిరిగేసరికి అయిదారుగురు. ఆకు కత్తిరించే చప్పుడు, నవ్వులు, తంబాకు వాసన. వాళ్ళకు పాఠం మీద ఆసక్తి లేదని తేలిపోయింది. ఆయన ముఖం మాడ్చుకుని తిరగసాగాడు. పదో రోజున గడపలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"చూడండ్రి, ఇంతమంది కూసుంటే లోడు ఎక్కువైతుంది. బ్యాటరీలు తట్టుకోవు."

ఎదురింటామె ట్యూబులైటు వంక చూసింది, తర్వాత ఆయన వంక చూసింది.

"లైటు ఒక్కటే గద సారు. మేము ఆరుగురం ఉంటే ఎక్కువ కాలుతదా?"

ఇన్నేళ్ళు విద్యుత్తు పాఠం చెప్పిన మనిషి లోపలికి వెళ్ళి పేపరు తీశాడు. వాళ్ళు మాత్రం చాటలు ఎత్తుకుని లేచారు. కూర్చోమని నేను అన్నాను. ఎదురింటామె "వద్దులే పంతులమ్మా, సారుకు కష్టమైతది" అని వెళ్ళిపోయింది. ఆ మాటలో వెక్కిరింపు లేదు. అందుకే నాకు తల కొట్టేసినట్టయింది. ఆ వేసవంతా ఆమె తన గుమ్మంలో కిరోసిన్ దీపం ముందు వంగి చుట్టడం మా వెలుగులోంచి కనబడేది. ఆ తర్వాత చాన్నాళ్ళు ఆయనతో అవసరానికి మించి నేను మాట్లాడలేదు. ఆయన అది గమనించలేదు.

2013 దసరాకు నేను బడి మానేశాను. పండగ వెళ్ళాక ప్యానెళ్ళు, బ్యాటరీలతో సహా సామాను లారీకెక్కించి సముద్రం దగ్గరికి చేరాం. ఇల్లు రెండు గదులు, ఒక వరండా. తలుపుల బందులు అప్పటికే ఎర్రగా తుప్పు పట్టాయి. సరుగుడు చెట్ల సందుల్లోంచి నీళ్ళు కనిపిస్తాయి, చప్పుడు మాత్రం గోడలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. మొదటి రోజు మా సారు ఒడ్డున నడుముకు చేతులు పెట్టుకుని నిలబడి ఫోటో తీయించుకున్నాడు. మూడో రోజు పొద్దున్న టీ తాగుతూ, కళ్ళు ఎర్రగా చేసుకుని, నన్ను అడిగాడు.

"ఈ చప్పుడు ఎప్పుడు ఆగుతది?"

పరిహాసమాడుతున్నాడేమోనని చూశాను. కాదు.

"ఏ చప్పుడు?"

"ఇగో, ఇదే. నిద్ర లేదు నాకు."

"అది సముద్రం సారు. ఆగది."

నాలుగేళ్ళు ప్లాన్లు గీసి, మేస్త్రీతో కొట్లాడి, దేవుణ్ణి అల్మారాలో పెట్టించిన మనిషికి సముద్రం చప్పుడు చేస్తుందన్న సంగతి లెక్కలోకి రాలేదు. విహారయాత్రలో అరగంట చూశాడు గదా, అంతే ఉంటుందనుకున్నాడు. చెవుల్లో దూది పెట్టుకున్నాడు. బట్టలు ఆరడం లేదన్నాడు, ఉప్పు కూడా నీరు కారుతోందన్నాడు, పేపరు మధ్యాహ్నానికి గానీ రావడం లేదన్నాడు. పంతొమ్మిది రోజులున్నాడు. నవంబరు రాగానే పెన్షను కోసం ట్రెజరీలో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి రావాలని గుర్తొచ్చింది. తాను బతికే ఉన్నానని కామారెడ్డి వెళ్ళి సంతకం పెట్టాలి.

"నువ్వు కూడా రా, కలిసే పోదాం" అన్నాడు సంచి సర్దుకుంటూ.

నేను చేసింది ప్రైవేటు బడి ఉద్యోగం. నాకు పెన్షను లేదు, నేను బతికున్నట్టు ఎవరికీ రుజువు చూపే పని లేదు.

"మీరు పోయి రాండ్రి. నేనుంట" అన్నాను.

ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు. ఆయన వారంలో వస్తానన్నాడు. వారం తర్వాత ఫోను చేసి ట్రెజరీలో రద్దీగా ఉందన్నాడు. ఇంకో వారానికి మోకాలి నొప్పి. తర్వాత తుపాను హెచ్చరిక. అది నిజమే, మూడు రోజులు గాలి సరుగుడు కొమ్మలు విరిచి పడేసింది. ఇనుప చట్రం ఒకటి వంకరపోతే మేస్త్రీని పిలిచి, ఈసారి అల్యూమినియంతో చేయించాను. ప్యానెళ్ళ మీద పొద్దున్నే ఉప్పు పొరలా పేరుకుంటుంది. తడిగుడ్డతో తుడవడం, బ్యాటరీల్లో నీళ్ళు చూసి పోయడం నేర్చుకున్నాను. పాతికేళ్ళు హిందీ చెప్పిన నాకు అది రెండు పూటల పని. దాని కోసం ఆయన డాబా మీద ఒక వేసవంతా కూర్చున్నాడు.

చేపలు ఎండబెట్టే ఒకామె రోజూ మా ఇంటి ముందునుంచి పోయేది. ఒకరోజు ఆగింది.

"అమ్మగారూ, మీ ఆయనగారు రారా అండి?"

"వస్తరు. పని మీద పోయిండ్రు."

"మీ మాట భలే ఉందండి" అని నవ్వి, నడుముకు దోపిన ఫోను తీసింది. "కాస్త ఛార్జింగు పెడతారా? మా ఇంట్లో కరెంటు పోయిందండి."

పెట్టాను. తర్వాత ఇంకొందరు వచ్చారు. కిటికీ గట్టు మీద ఫోన్లు వరసగా ఉండేవి. లోడు సంగతి నేను ఎత్తలేదు.

నా జీవితంలో ఒంటరిగా వారం రోజులు ఉన్నది లేదు. అక్కడ అయిదు నెలలు దాటి ఉన్నాను. ఆకలైనప్పుడు వండుకున్నాను. సాయంత్రం ఒడ్డున కూర్చుంటే ఎవరూ ఏదీ వివరించలేదు. ఈ ఇంటిని నాలుగేళ్ళు ఈసడించుకున్నదాన్ని నేనే, దీన్ని విడిచి రావడానికి మనసొప్పనిదాన్నీ నేనే. ఆ సంగతి ఆయనకు ఫోనులో చెప్పలేదు. చెబితే గెలిచినట్టు మాట్లాడతాడని.

ఫిబ్రవరిలో, రాష్ట్రం వస్తోందని అందరూ అనుకుంటున్న రోజుల్లో, మా బావ ఫోను చేశాడు.

"అమ్మా, వీడు ఇక్కడ ఏం చేస్తుండో నీకెరికేనా? పింఛనుదార్ల మీటింగులల్ల మాట్లాడుతుండు. సముద్రం ఒడ్డుకు సూర్యుని ఇల్లు అని. మొన్న ఎల్లారెడ్డిల గంటసేపు చెప్పిండు. తానే అక్కడ ఉంటున్నట్టు చెప్పిండమ్మా."

నేను నవ్వలేదు. ఇంత సిగ్గులేనితనం ఆయనకు ఎలా చేతనయిందా అనుకున్నాను. ఆయన మీద నాకున్న చులకన ఇంకా పెరగడానికి చోటుందని ఆ రోజే తెలిసింది.

ఓటు వేయడానికి ఏప్రిల్‌లో కామారెడ్డి వచ్చాను. మరుసటి ఆదివారమే మీటింగు. నన్ను కూడా రమ్మన్నాడు. చివరి వరసలో కూర్చున్నాను. ఆయన ఇస్త్రీ చొక్కాలో నిలబడి ప్యానెళ్ళ గురించి, బ్యాటరీల గురించి, తీగ లేని బతుకులోని స్వేచ్ఛ గురించి చెప్పాడు. ఆఖర్న ఒక పెద్దాయన లేచాడు.

"సారు, సముద్రం పక్కన నిద్ర పడ్తదా? చప్పుడుంటది గద."

మా సారు అన్ని తలల మీదుగా నా వంక చూశాడు. పట్టుబడిన పిల్లవాడి చూపు అది. నేను ఒక్క మాట అంటే చాలు, అక్కడే కూలిపోయేవాడు.

నేను నోరు విప్పలేదు.

"మొదట్ల కొంచెం ఉంటది" అన్నాడు ఆయన. "తర్వాత అది లేకుంటేనే నిద్ర రాదు."

చప్పట్లు కొట్టారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, కానీ ఆ నిజం నాది. ఆయన మీద జాలిపడి ఊరుకున్నానని చెప్పుకుంటే బాగానే ఉంటుంది. అది అబద్ధం. పదిమందిలో పరువు పోతే పౌరుషానికి పోయి, మళ్ళీ వచ్చి ఆ ఇంట్లో కూర్చుంటాడేమోనని భయపడ్డాను. నా లోపలి మనిషి కూడా అంత గొప్పదేమీ కాదని ఆ హాల్లో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తెలుసుకున్నాను.

ఇద్దరం నడిచి ఇంటికి బయల్దేరాం.

"మల్ల ఎప్పుడు పోతవ్?" అని అడిగాడు. తాను కూడా వస్తానని అనలేదు.

"వానలు తగ్గినంక."

తల ఊపాడు. పది అడుగులు వేశాక, నా ముఖం చూడకుండా అన్నాడు.

"ఈసారి పోయినప్పుడు నాలుగు ఫోటోలు తీసుకరా. మీటింగులల్ల అడుగుతున్నరు."

తెస్తానన్నాను.