ఎర్ర లైటు వెనక విరిగిన చెయ్యి

అతని ఎడమచేతి నాలుగు వేళ్లనూ మైకు స్టాండు ఇనుప దిమ్మతో నలగ్గొట్టారు. పట్టపగలు, ఫిల్మ్‌నగర్ రికార్డింగ్ థియేటర్లో. కేసు లేదు, క్షమాపణ లేదు.

అతనిది బోరబండ. ఎనభైల చివర్లో మా చుట్టుపక్కల సైకెడెలిక్ రాక్ అనే సంగీతం పేరు అతని నోటే విన్నాను. గిటారు మోగి ఆగిపోకూడదు, తన మీద తానే వచ్చి పడుతూ ఉండాలి అనేవాడు. ఐదో తరగతితో బడి మానేసి, పాడైన రేడియోలు విప్పుకుంటూ పని నేర్చినవాణ్ణి నేను. పాత స్పూలు టేప్‌రికార్డరు టేపును రెండు కొసలూ కలిపి చుట్టగా అతికించి, సోడాబుడ్డి చుట్టూ తిప్పి అతనికి ఆ ప్రతిధ్వని చేసిపెట్టాను.

థియేటర్లో నాది యాంప్లిఫయర్ల మరమ్మతు. పిలుపు అందినప్పుడల్లా అతను వచ్చి సినిమా పాటలకు వాయించేవాడు. ఒక భోజన విరామంలో అతను తన కోసం వాయించుకున్న పదకొండు నిమిషాలను రికార్డిస్టు టేపుకెక్కించాడు. కొన్నాళ్లకే ఆ బాణీ సంగీత దర్శకుడి పేరుతో డాన్సు పాటై క్యాసెట్లో వచ్చింది.

తర్వాతి రికార్డింగులో, వయొలిన్ల వాళ్లంతా కూర్చుని ఉండగా, అతను లేచి నిలబడ్డాడు. "సార్, గా బాణీ నాది. నా పేరు ఎయ్యాలె."

సంగీత దర్శకుడు నవ్వి అందరినీ టీకి పంపాడు, అతన్ని ఆగమన్నాడు. ప్రొడక్షన్ మేనేజరు ఇద్దరు ఫైటర్లతో లోపలికి పోతూ తలుపు మీది ఎర్ర లైటు వెయ్యమని నాతో అన్నాడు. వేశాను. ఆ లైటు వెలిగితే లోపల టేక్ నడుస్తున్నట్టు. ఎంతటివాడైనా తలుపు తియ్యడు. మెత్తలు కొట్టిన గోడలు, చప్పుడు బయటికి రాదు. గిటారొక్కటే విడిగా రికార్డు చేస్తున్నారని అందరూ తాపీగా టీ తాగారు. నేనూ అలాగే అనుకున్నానని ఏళ్ల తరబడి చెప్పుకున్నాను. ఫైటర్లను చూసి కూడా.

లైటు ఆరాక వెళ్తే నేల మీద రెండు పళ్లు, నెత్తురు. గిటారు తీగలు తెంపి అతని మెడకు చుట్టారు. చూపుడువేలి ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది.

"జర నీళ్లియ్యన్నా," అన్నాడు.

మళ్లీ తీగ నొక్కలేదు. గ్యాస్ స్టవ్‌లు బాగుచేసి బతికాడు, తొంభైల చివర్లో పోయాడు. అతని శవయాత్రలో బ్యాండు వాళ్లు ఆ బాణీనే వాయించారు, ఎవరిదో తెలియక.

కొట్టించానని ఒప్పుకుంటే చాలని దర్శకుడికి అప్పటిదాకా ఏటా ఉత్తరం రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. అతని దినాలు కాగానే జూబ్లీహిల్స్‌లో ఆ దర్శకుడి ఇంటి గేటు ముందు నిలబడ్డాను. వాచ్‌మన్ నన్ను తోస్తుంటే దర్శకుడే బయటికొచ్చి వద్దన్నాడు. నా మొహంలోకి చూసి మెల్లగా అన్నాడు:

"కొట్టించాను, కాదనను. పక్కకు పిలిచి అడిగుంటే పేరు వేసేవాణ్ణేమో. అందరి ముందూ అడిగాడండీ."