సగం చదివి మూసిన ఉత్తరం

ఇబ్రహీంపట్నంలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని నేను చేసే పని ఏమిటో మా అమ్మకు ఇప్పటికీ సరిగ్గా చెప్పలేకపోయాను. జీతం వచ్చే ఉద్యోగం వేరే ఉంది. ఇది జీతం లేనిది. ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లను ప్రపంచంలో ఎన్నో బృందాలు ఎవరి పద్ధతిలో వాళ్లు తయారుచేస్తాయి. ఒకే సాఫ్ట్‌వేర్‌కు ఒకరు ఒక పేరు పెడితే ఇంకొకరు ఇంకొకటి పెడతారు. ఒకరు మొదటే ఇచ్చేదాన్ని మరొకరు అడిగితేనే ఇస్తారు. వీటన్నిటికీ ఉమ్మడి నియమాలు ఉండాలని కొందరం ఒక సంఘంగా ఏర్పడ్డాం. చిత్తుప్రతి రాయడం, అభ్యంతరాలు తీసుకోవడం, అందరినీ ఒక మాట మీదికి తేవడం నా వంతు. నన్ను సమన్వయకర్త అనేవాళ్లు. ఆ మాట నాకు చాలా ఇష్టంగా ఉండేది.

ఆ ఏడు మేం తేల్చవలసింది, సిస్టమ్ ఎక్కించగానే కంప్యూటర్లో తప్పనిసరిగా ఉండవలసిన ప్యాకేజీల, అంటే విడివిడి సాఫ్ట్‌వేర్ల, జాబితా. అది చిన్నదిగా ఉండాలని అందరి పట్టు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే గొంతుల్లో ఇంగ్లీషు ఒక్కటి ఉంచి, మిగతా భాషలవి కావలసినవాళ్లు తరవాత తెచ్చుకుంటారని నేనే రాశాను. తెలుగు గొంతు కూడా అలాగే బయటికి పోయింది. నా భాషను ప్రత్యేకంగా చూసుకోలేదని లోలోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

అభ్యంతరాలకు ఇచ్చిన గడువు ముగిసే రోజు ఒక ఉత్తరం వచ్చింది. పెద్దది. ఇంగ్లీషు తప్పులతడక, పేరాలు విడదీయలేదు, మేం ఇచ్చిన నమూనాలో లేదు. పంపినవారి పేరు లేదు, అంకెలతో ఉన్న ఐడీ ఒక్కటే. సగం దాకా చూసి, నమూనాలో లేదనీ పరిధిలోకి రాదనీ ఇంగ్లీషులో ఒక్క వాక్యం జవాబు రాసి, తేలిపోయినట్టు గుర్తుపెట్టి మూసేశాను. మర్నాటి సమావేశంలో, ఒక్క అభ్యంతరమూ మిగల్చలేదని నన్ను మెచ్చుకున్నారు.

కొన్ని నెలలకు ఆ జాబితా ప్రకారం కొత్త వెర్షన్లు వచ్చాయి. ఒక ఆదివారం పొద్దున మా వీధి చివర ఉండే సార్ భార్య ఫోన్ చేసింది. సార్ జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. చిన్నప్పటి నుంచి చూపు లేదు. చుట్టుపక్కల ఊళ్ల చరిత్ర రాసుకుంటున్నారు. ఆయన కంప్యూటర్లో ఈ సిస్టమ్ ఎక్కించింది నేనే. ఏదైనా ఇబ్బంది వస్తే మా సంఘానికి రాయొచ్చని చిరునామా ఇచ్చిందీ నేనే.

"కంప్యూటర్ మాట్లాడుతలేదు. జర వచ్చి చూస్తవా" అంది ఆమె.

అప్‌డేట్‌తో తెలుగు గొంతు పోయింది. ఆయన తెరంతా తెలుగులోనే పెట్టుకున్నారు కాబట్టి మెనూలు సైతం మూగబోయాయి. నాలుగు రోజులుగా తాను రాసింది తనకే వినబడలేదు. కారణం నాకు కుర్చీలో కూర్చోకముందే తెలిసిపోయింది. ప్యాకేజీ తెచ్చి ఎక్కించడానికి పది నిమిషాలు పట్టలేదు.

గొంతు మళ్లీ పలకగానే సార్ అన్నారు: "ఇట్లయితదని నేను వాళ్లకు ముందే రాసిన. గొంతు తెచ్చుకోవాలంటే తెర మీదిది చదవాలె. చదవాలంటే గొంతు ఉండాలె. కండ్లు లేనోడు ఎట్ల తెచ్చుకుంటడు అని అడిగిన. ఒక్క ముక్కల మూసేసిండ్రు."

ఆ ఒక్క ముక్కనూ ఆయన ఇంగ్లీషులో అప్పజెప్పారు. నా వాక్యమే, ఒక్క మాట తేడా లేకుండా.

నేను చెప్పలేదు. ఆయన భార్య ఇచ్చిన చాయ్ తాగాను. వాళ్లంతే సార్ అని కూడా అన్నాను. ఇంటికొచ్చాక ఆ 'వాళ్లు' అన్న మాటే నన్ను ఎక్కువగా గుచ్చింది.

తరవాతి వారం బస్టాండులో ఆయన కనిపించారు. మీర్‌పేట్‌లో కూతురింటికి పోయే బస్సు కోసం, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నారు. ఎప్పుడు కనిపించినా నేనే ముందు పలకరించి బస్సెక్కించేదాన్ని. ఆ రోజు నోరు విప్పకుండా ఆయన ముందు నుంచే నడిచి వెళ్లిపోయాను. నేను పలకకపోతే ఆయనకు నేను అక్కడ లేనట్టే కదా. పదడుగులు వేశాక ఆగాను. వెనక్కి తిరిగేసరికి ఎవరో ఆయన్ను బస్సెక్కిస్తున్నారు.

ఆ సాయంత్రం ఆయన తిరిగొచ్చాక వెళ్లాను.

"ఆ ఉత్తరం మూసింది నేనే సార్."

ఆయన భార్య వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అది నాదని తెల్వదా నీకు?" అన్నారు సార్.

"తెల్వదు సార్. తెలిస్తే మూసేదాన్ని కాదు."

అది ఎంత చెడ్డ జవాబో అన్నాక గానీ నాకు తెలియలేదు. ఆయనకు వెంటనే తెలిసింది.

"అంటే ఇంకెవరిదన్నా అయితే మూయొచ్చు" అన్నారు మెల్లగా. తరవాత అడిగారు: "మొత్తం చదివినవా?"

"లేదు సార్. సగమే."

"ఇంగ్లీషు మంచిగ లేదనా?"

గడువు సంగతి చెప్పి తప్పించుకోవచ్చు. "అవ్ సార్" అన్నాను.

"అయితే ఇప్పుడు చదువు. నాకు వినిపించేటట్టు చదువు."

ఫోన్లో తెరిచి ఆయనకు ఎదురుగా కూర్చుని, ఆయన రాసింది రాసినట్టే, తప్పులతో సహా చదివాను. నేను ఆపేసిన చోటు దాటాక తన బాధేమీ చెప్పుకోలేదాయన. ఉపాయం రాశారు. సిస్టమ్ ఎక్కించేటప్పుడు ఏ భాష కావాలో ఎలాగూ అడుగుతారు కాబట్టి, ఆ ఒక్క భాష గొంతునే దాంతోపాటు ఇవ్వమన్నారు. అప్పుడు జాబితా పెరగదు, ఎవరి కంప్యూటరూ మూగబోదు. మా సంఘంలో అంతమందికి తోచని సంగతి అది. చదువుతూ రెండుచోట్ల ఆగి మళ్లీ మొదలుపెట్టాను. ఇక చాలని ఆయన అనలేదు. చివరి వాక్యం అయ్యాక కర్ర తడుముకుని లేచి లోపలికి వెళ్లిపోయారు. ఆయన భార్య గేటు దాకా వచ్చి, నేను బయటికి రాగానే గడియ పెట్టుకుంది.

అభ్యంతరాన్ని పూర్తిగా చదవకుండా మూశానని మర్నాడు సంఘమంతటికీ రాశాను. ఇంత బాహాటంగా ఎందుకన్నారు కొందరు. ముగిసినదాన్ని తిరగదోడితే దేనికీ అంతుండదన్నాడు ఒకాయన. అంతకుముందు ఎందరితోనో నేనన్న మాటే అది. సార్ ఉపాయం నియమంగా మారడానికి చాలా నెలలు పట్టింది. ఆయన్ను సమావేశాలకు పిలిచాం. వస్తారు. నాతో పని ఉన్నంతవరకే మాట్లాడతారు. నేను అంతకంటే ఆశించకూడదు.

సమన్వయం పని ఇంకొకరికి అప్పగించి, నేను మూసిన ఉత్తరాలన్నీ మొదటి నుంచి తీసి చదువుతున్నాను. చాలావరకు మూయవలసినవే. కొన్ని కావు. అవి రాసినవాళ్లకు క్షమాపణ చెప్పుకుని, ఇప్పుడు చూస్తామని రాస్తున్నాను. కొన్ని చిరునామాలు పనిచేయడం లేదు. ఎక్కడో దూరదేశంలో చిన్న బడి నడిపే ఒకామె జవాబిచ్చింది. బడిలోని పాత కంప్యూటర్లలో కూడా సిస్టమ్ పనిచేసేలా చూడమని అప్పట్లో అడిగిందట. వాటిని ఎప్పుడో తీసేశారట, ఆ పిల్లలు కూడా పెద్దవాళ్లై వెళ్లిపోయారట. ఇన్నాళ్లూ గుర్తుపెట్టుకుని రాసినందుకు కృతజ్ఞతలంది. నేను గుర్తుపెట్టుకోలేదని ఆమెకు రాయాలో వద్దో ఇంకా తేల్చుకోలేకుండా ఉన్నాను.