బొగ్గు బస్సూ, నాయన తలనొప్పీ

మా వీధి చివర ఇస్త్రీ బండి అతను పొద్దున్నే పెట్టెలో బొగ్గులు రాజేసి విసనకర్రతో విసురుతుంటే ఆ పొగ మా కిటికీలోంచి లోపలికి వస్తుంది. పిల్లలు ముక్కు మూసుకుని తలుపు వేసేస్తారు. నేను మాత్రం చేతిలో పని ఆపి కాసేపు అలాగే నిలబడిపోతాను. చిత్తూరులో మా పెంకుటిల్లు, చీకటి ఉండగానే ఖాకీ చొక్కా తొడుక్కుని బయలుదేరే మా నాయన, సాయంత్రం ఆయన ఒంటి నుంచి వచ్చే చెమటా బొగ్గూ కలిసిన వాసనా అన్నీ ఒక్కసారిగా గుర్తుకొస్తాయి.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులను బొగ్గు మీద నడిపేవారు. బస్సు వెనకాల నిలువెత్తు ఇనుప పీపా బిగించి, అందులో బొగ్గులు మండించి, ఆ గ్యాసుతో ఇంజను నడిపించేవారు. చిత్తూరు నుంచి తిరుపతికి పోయే అలాంటి బస్సుకు నాయన డ్రైవరు. క్లీనరు చక్రం తిప్పి గాలి కొడుతున్నా, నిప్పు సరిగ్గా అంటుకుందో లేదో నాయనే పీపా మీదికి వంగి చూసుకునేవాడు. పూతలపట్టు, దామలచెరువు, పనపాకం, చంద్రగిరి, ఆ దారిలో ఆయన్ని పేరుపెట్టి పలకరించని ఊరు లేదు. మామిడికాయల కాలంలో టాపు మీద గంపలు ఎక్కించిన వాళ్ళు దిగేటప్పుడు నాలుగు కాయలు సీటు కింద పెట్టి పోయేవారు. చలికాలంలో ఎవరో ఒకరు అనపచిక్కుడు కాయలు ఇచ్చి పంపితే, మేమంతా చుట్టూ కూర్చుని గింజలు ఒలిచి, నానబెట్టి, ఒక్కొక్కదాని తోలు పితికి, అమ్మ చేసే పితికిపప్పు కోసం సంగటి ముద్దలు ముందేసుకుని ఎదురుచూసేవాళ్ళం. వీధి మలుపులో ఆయన రబ్బరు హారను మోగిందంటే నేను ఆడుతున్న అచ్చెనగాళ్ళ రాళ్ళు ఎక్కడివక్కడ వదిలేసి పరుగెత్తేదాన్ని.

హారను మోగని సాయంత్రాలు కూడా ఉండేవి. ఆ రోజుల్లో నాయన ఒక చేత్తో తలకు ఎడమవైపు గట్టిగా నొక్కుకుని, గోడ పట్టుకుంటూ లోపలికి వచ్చేవాడు. ఒంటి తలనొప్పి, అంటే పార్శ్వపు నొప్పి. అమ్మ కిటికీకి గోనెపట్టా కట్టి, శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసేది. మా జేజి, అంటే నాయన తల్లి, వాకిట్లో కూర్చుని ఎవరూ రోకటి చప్పుడు కూడా చేయకుండా కాపలా కాసేది. గంగజాతర వచ్చి వీధులన్నీ వేషాలతో పలకల మోతతో దద్దరిల్లుతుంటే, ఊరంతా అంబలి పోసి పిలిచి తాగిస్తుంటే, నాయన తలకు తుండుగుడ్డ బిగించుకుని చీకటి గదిలో దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. జేజి వేలు పట్టుకుని వేషాలు చూడటానికి పోయినా నాకు మనసంతా ఇంటి మీదే ఉండేది.

ఒక ఆదివారం జేజీ నేనూ తిరుపతికి పోవడానికి నాయన బస్సే ఎక్కాం. పనపాకం దాటాక బస్సు మెల్లగా పక్కకు జరిగి చింతచెట్టు కింద ఆగింది. నాయన స్టీరింగు మీద తల ఆనించాడు. దారి సగమే కనిపిస్తోందనీ, కళ్ళ ముందు రంపపు పళ్ళలాగా ఏవో మెరుస్తున్నాయనీ చెప్పి, కిందికి దిగి వాంతి చేసుకున్నాడు. బస్సులో ఒకరిద్దరు గొణిగారు గానీ తక్కినవాళ్ళు దిగి ఊరికే నీడన నిలబడ్డారు. ముందు సీట్లో చంద్రగిరిలో వైద్యం చేసే పెద్దాయన ఒకరు ఉన్నారు. ఆయన నాయన పక్కన నేల మీదే కూర్చుని, మొహాన నీళ్ళు చల్లి అడిగారు.

"పొద్దున ఏం తిన్నావప్పా?"

"కాఫీ తాగినా సామీ."

"నిన్న రాత్రి?"

"నిన్న శనివారం గదా, ఒక్కపొద్దు. తినలేదు."

ఆయన తల ఊపారు. "కడుపు మాడ్చుకోని, నిద్ర చెరుపుకోని, ఆ పొగంతా పీలుస్తా ఉంటే తల ఊరికే ఉంటాదా? మందులు తర్వాత సూద్దాం. ముందు ఏళకు ఇంత తిను, ఏళకు పండుకో. ఎండలో తలకు గుడ్డ కట్టుకో. కాఫీ తగ్గించు. ఆ పొగకు దూరంగా ఉండు."

"అన్నీ చేస్తా సామీ. పొగకు దూరంగా యాడికి పోయేది?" అన్నాడు నాయన. 

జేజి ఇంటికి వచ్చి చెప్పిన ప్రతి మాటనూ అమ్మ మనసులో పెట్టుకుంది. ఆ మర్నాటి నుంచి నాయన కంటే ముందే లేచి, రాగి అంబలిలో మజ్జిగ కలిపి, ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, నంజుకోవడానికి ఇచ్చి, చెంబు ఖాళీ అయ్యేదాకా గడప దగ్గర నిలబడేది. మధ్యాహ్నానికి సంగటి ముద్ద, వేరుశనగలు, మేమనే చెనిక్కాయలు, నూరి చేసిన ఊరుబిండి గుడ్డలో మూటకట్టేది. సొరబుర్ర నిండా నీళ్ళు పోసి సీటు పక్కన తగిలించమని క్లీనరుకు అప్పగించేది. కాఫీని ఒక్కసారిగా మాన్పించకుండా లోటా నుంచి సగానికీ, సగం నుంచి గుక్కెడుకూ తెచ్చి, చివరికి ధనియాల కషాయం అలవాటు చేసింది. దీపాలు పెట్టే వేళకల్లా భోజనం అయిపోవాలి, ఆ తర్వాత అరుగు మీద కబుర్లు లేవు, పడకే. శనివారం ఒక్కపొద్దు దగ్గర మాత్రం జేజికి కోపం వచ్చింది.

"కొండమీది సామికి మొక్కింది ఇడిసిపెడతావా?" అంది.

"ఆయన బదులు నేనుంటాను అత్తా," అంది అమ్మ. అన్నట్టుగానే, బతికినంత కాలం ఉంది.

నాయనకు నొప్పి తగ్గింది. వారం వారం వచ్చేది నెలకో తూరి రాసాగింది. పోలేదు మాత్రం. పొగ అలాగే ఉంది కదా. ఒక వేసవిలో దామలచెరువు సంతరోజు జనం మధ్యకు బస్సు వస్తుండగా మళ్ళీ ఆయనకు దారి సగం మాయమైంది. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఖాకీ చొక్కా విప్పి అమ్మ చేతికిచ్చి, "ఇంక చాలు. నా తలకాయ కోసం జనాన్ని చంపలేను," అన్నాడు.

మేము బంగారుపాళ్యం దగ్గర మా మామ తోటకు మారిపోయాం. నాయన మామిడి చెట్లకు పాదులు తవ్వాడు, చెనిక్కాయ చేలో కలుపు తీశాడు, వేళకు తిన్నాడు, వేళకు పడుకున్నాడు. మొహానికి నెత్తురు పట్టింది. బస్సులో అంతమందితో కేకలేసి మాట్లాడే మనిషి మాత్రం రోజులో నాలుగు మాటలైనా మాట్లాడేవాడు కాదు.

యుద్ధం అయిపోయింది. పెట్రోలు వచ్చింది. పీపాలు ఊడదీశారు. బస్సు ఓనరు పనిగట్టుకుని మా తోటకు వచ్చి మంచం మీద కూర్చుని, "పొగ లేదప్పా ఇప్పుడు. బండి కొత్త పెండ్లికూతురు మాదిరి ఉండాది. వచ్చేయి," అన్నాడు. నాయన చేతిలోని పార కింద పెట్టాడు. నోరు తెరవబోయి అమ్మ వైపు చూశాడు.

"వద్దన్నా," అంది అమ్మ. "ఇప్పుడిప్పుడే మనిషైనాడు."

నాయన తల దించుకున్నాడు. "ఆమె చెప్పినట్లేన్నా," అని మళ్ళీ పార అందుకున్నాడు.

ఆ తర్వాత ఆయన చాలా ఏళ్ళు బతికాడు. తలనొప్పి ఎప్పుడో గానీ వచ్చేది కాదు. సాయంత్రాలు తోట గట్టున రోడ్డు వైపు కూర్చుని, బస్సు కనపడక ముందే, ఇంజను చప్పుడును బట్టి డ్రైవరు గేరు ఎక్కడ మార్చాడో చెప్పేవాడు. తప్పుగా మారిస్తే, గేరు పట్టుకున్నట్టు ఆయన ఎడమ చెయ్యి ఒళ్ళో కొంచెం కదిలేది. అమ్మ అది చూసేదని నాకు చాలా కాలం తెలియదు. ఆయన పోయాక, ఒక మధ్యాహ్నం చింతపండు గింజలు తీస్తూ ఆమే అంది. "పెట్రోలు బండికి పొగ లేదు గదమ్మా. పోనిచ్చింటే ఏమై ఉండునో. నాకు భయమేసింది."

ఇప్పుడు అమ్మా లేదు. తోట మధ్యనుంచి పెద్ద రోడ్డు పోయింది, గట్టు ఎక్కడుండేదో ఆనవాలు కూడా పట్టలేను. అద్దాలు మూసిన బస్సుల్లో డ్రైవరు ఎవరో ఎక్కినవాళ్ళకు తెలియదు, దారిలోని ఊళ్ళు డ్రైవరుకూ తెలియవు. బతికినన్నాళ్ళూ మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ నాయనను తల ఎలా ఉందని అడిగారు. ఓనరు వచ్చిన రోజు నోరు తెరిచి ఏం చెప్పబోయావని మాత్రం ఎవరమూ అడగలేదు.