కుడికొస నుంచి లెక్కపెట్టిన గొలుసు

నాకు రసాయనశాస్త్రం చెప్పింది నల్లగొండలో సైకిళ్లు కిరాయికిచ్చే ఒక సాబు. అంతకుముందు ఆయన ఉర్దూ బడిలో సైన్సు పంతులు. బడి తెలుగులోకి మారగానే, మీ భాష ఇక పనికిరాదని ఇంటికి పంపారు. నేను మర్రిగూడ దిక్కునుంచి వచ్చి ఆయన దుకాణంలో పంక్చర్లు వేసేవాణ్ణి. మెట్రిక్ ప్రైవేటుగా గట్టెక్కాను. పి.యు.సి. సైన్సుతో పాసైతే దవాఖానలో కాంపౌండరు పనికి దారి దొరుకుతుందని ఆశ. లేకపోతే బతుకంతా ట్యూబులు గీకడమే.

మధ్యాహ్నం బేరాలు లేని పూట సాబు బండల మీద పాత నట్లు పేర్చేవాడు. ఒక్కో నట్టు ఒక్కో కార్బను. ఒకటైతే మీథేన్, రెండైతే ఈథేన్, తర్వాత ప్రొపేన్, బ్యుటేన్, ఐదుంటే పెంటేన్. వరసలోని నట్టుకు పక్కనుంచి ఇంకోటి తగిలిస్తే అది కొమ్మ, దాని పేరు మిథైల్. ఎన్నో నట్టుకు తగిలిందో ఆ అంకె ముందు రావాలి.

"ముందుగాల పొడుగు గొలుసు పట్టు బేటా. గా తర్వాత కొమ్మ యాడుందో లెక్కవెట్టు."

"రెండోదానికుంది సాబ్. రెండు-మిథైల్ పెంటేన్."

"షాబాష్! జర చాయ్ పట్కరాపో."

ఆయనది ఉర్దూ రాసిన చెయ్యి. కుడినుంచి పేర్చేది. కొమ్మనూ మొదలుపెట్టిన కొసకు దగ్గరగానే తగిలించేది. నాదీ ఉర్దూ చదువే, నా కన్నూ కుడినుంచే నడిచేది. లెక్క ఎన్నడూ తప్పలేదు.

ప్రైవేటుగా రాసే బయటివాణ్ణి సైన్సు పరీక్షకు కూర్చోనివ్వాలంటే, వీడితో ప్రయోగాలు చేయిస్తానని కాలేజీ లెక్చరరు సంతకం పెట్టాలి. ఆ లెక్చరరుది కోస్తా. తిరగ్గా తిరగ్గా దరఖాస్తు గడువు చివరిరోజు దొరికాడు. ఏం పనిచేస్తావని అడిగితే సైకిల్ దుకాణంలో అన్నాను. నల్లబల్ల మీద ఎడమనుంచి ఐదు కార్బన్లు గీసి, రెండోదాని కింద కొమ్మ వేశాడు.

"దీని పేరేంటోయ్?"

కుడినుంచి లెక్కపెట్టాను. "నాలుగు-మిథైల్ పెంటేన్ సార్."

"ఎట్నుంచి లెక్కెట్టావయ్యా?"

"గిటునుంచి సార్. ఉర్దూల చదివిన."

"అయితే మీ గడియారాలు కూడా వెనక్కే తిరుగుతాయా?" అన్నాడు. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. "వెళ్లు, వెళ్లి సైకిళ్లు చూసుకో."

సంతకం పెట్టలేదు. దుకాణానికి వచ్చి, బల్ల మీద చూసింది చూసినట్టే సుద్దతో బండ మీద గీశాను. సాబు కొమ్మ మీద వేలు పెట్టాడు.

"గిది రెండే గద బేటా. కొమ్మ ఏ కొసకు దగ్గరుంటే గా కొసనుంచే లెక్కవెట్టాలె."

"గా ముచ్చట నాకెన్నడు చెప్పకపోతివి సాబ్."

"చెప్పే జరూరత్ వడలే," అన్నాడు ఆయన, నా మొహం చూడకుండా.

మరుసటేడు బయటివాళ్లను సైన్సుకు అసలే తీసుకోం అన్నారు. దవాఖాన ఆశ అక్కడితో సరి.

లెక్చరరు తప్పుపట్టాడు, ఒప్పుకుంటాను, తప్పే. ఎందుకు తప్పో ఒక్క మాట చెప్పి ఇంకో గొలుసు గీసి అడిగితే ఆయన సుద్దముక్క అరిగిపోయేదా? నలుగురినీ నవ్వించడానికి మాత్రం తీరిక దొరికింది. సాబు మీద కూడా కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఆయన ఆ తర్వాత పాఠం చెప్పలేదు. నేనూ చెప్పమనలేదు. నేర్చుకుని ఎవరికి ఒప్పజెప్పాలి?